లెక్కలోకి రాని నవ్వులు

(కమలాపురం మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక సభ్యురాలు చేసిన ప్రసంగం. మాట్లాడినది మాట్లాడినట్టే చాలావరకు ఉంచినాము.)



పొద్దుటి నుంచి లెక్కలే విన్నాం. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, వసూలు ఎంత, బాకీ ఎంత. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు అక్కలు కునుకు తీస్తాండారు. వాళ్ళ తప్పేం లేదు. ఎండ అట్లుంది, అన్నం తిని కూర్చున్నాం. నాకు ఇచ్చిన టైములో లెక్కల పుస్తకం తెరవను. లెక్కలోకి రానివి కొన్ని చెప్తా.

మన కడప పక్క లెక్క అంటే రెండర్థాలు. బళ్ళో చేసేదీ లెక్కే, కొంగున కట్టుకునేదీ లెక్కే. మన మండలంలో ఒక గ్రామ సంఘం లీడరు బిడ్డ ఒకటో తరగతి చదువుతాది. కొత్తగా వేరే జిల్లా నుంచి వచ్చిన సారు పొద్దున్నే ‘ఇంటి లెక్క తెచ్చినావా అమ్మా?’ అని అడిగినాడంట. ఆ పిల్ల లేచి నిలబడి ‘ఇంట్లో లెక్క లేదు సార్. సంఘంలో ఇచ్చినాక మాయమ్మ తెస్తాది’ అనిందంట. ఆ సారుకు అర్థం కాలేదు. క్లాసులో ఉన్న పిల్లలందరికీ అర్థమయింది.

ఆడపిల్లల గురించి మాట్లాడమని అక్క నాకు చెప్పింది. ఆడపిల్లల గురించి అంటే మన సభల్లో ఎప్పుడూ ఏడుపు కథలే వస్తాయి. కట్నం, చిన్నప్పుడే పెండ్లి, రక్తం తక్కువ. అవన్నీ నిజమే, వాటి దగ్గరికి వస్తా. కానీ ఇంట్లో ఆడపిల్ల ఉన్నోళ్ళు ఒక్కసారి గుర్తు చేసుకోండి. రోజుకు ఎన్నిసార్లు నవ్విస్తాది ఆ పిల్ల? ఆ నవ్వును మనం ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు. అందుకని కొన్నాళ్ళుగా మీటింగులకు పోయినప్పుడల్లా తల్లుల్ని అడిగి, విన్నవి రాసుకున్నా. ఎవరి పేర్లూ చెప్పను. రేపు ఆ పిల్లలు పెద్దయి ఈ వార్షిక నివేదిక చదివి నా మీదికి కొట్లాటకు వస్తారు.

పది వేళ్ళ ముద్ర

ఒక ఊళ్ళో సంఘం మీటింగు జరుగుతాంది. తల్లి ఒళ్ళో మూడున్నరేళ్ళ పిల్ల. సంతకం రాని ఒక అవ్వ కోసం బుక్ కీపర్ స్టాంపు ప్యాడ్ తెరిచింది. అవ్వ బొటనవేలు అద్ది తీర్మానాల పుస్తకంలో వేసింది. ఈ పిల్ల కండ్లు పెద్దవి చేసి చూసింది. తర్వాత అందరూ వడ్డీ కాడ గలాటా పడతా ఉంటే గమ్మున దిగిపోయి, పది వేళ్ళూ ప్యాడ్‌లో ముంచి, పుస్తకం పేజీ నిండా ముద్రలేసింది. పక్కన కూర్చున్న ఇద్దరి చీరలకు కూడా వేసింది.

బుక్ కీపర్ తల పట్టుకుంది. ‘ఎవరు ఏయమన్న్యారే నిన్ను?’ అంటే, ‘నాకూ అప్పు కావాల’ అనింది.

‘ఎంత కావాల?’

‘పది రూపాయలు.’

‘దేనికి?’

‘ఇట్లాంటి డబ్బీ కొనుక్కోను.’

తీర్మానాల పుస్తకంలో పేజీ చించకూడదు కదా, ఆడిటులో అడుగుతారు. అందుకని ఆ పేజీ అట్లే పెట్టి, కింద ‘పై ముద్రలు సభ్యులవి కావు’ అని రాసి అందరూ సంతకాలు చేసినారు. ఆ పేజీ నేను చూసినా. దాంట్లో మూడు తరాలు ఉండాయి. అవ్వ బొటనవేలు, తల్లి సంతకం, పిల్ల పది వేళ్ళు. అవ్వ బడి మొఖం చూడలేదు. తల్లి సంఘంలోకి వచ్చినాక సంతకం నేర్చుకుంది. ఆ పిల్లకు ఇంకా అక్షరం రాదు గానీ, ఈ పుస్తకంలో తన గుర్తు ఉండాలని మాత్రం అప్పుడే తెలిసింది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు సారాయి మీద తిరగబడినారని మనం ట్రైనింగుల్లో వింటాం. వాళ్ళకు ఆ ధైర్యం వచ్చింది రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటా, పాఠంలో తమ బతుకే కనపడితే. మరుసటేడు అక్టోబర్‌లో రాష్ట్రంలో సారా అమ్మకం నిలిచిపోయింది. అక్షరం అంత పని చేస్తాది. మనకు అది ముప్పై ఏళ్ళకు, నలభై ఏళ్ళకు దొరికింది. మన పిల్లలు మూడేళ్ళకే స్టాంపు ప్యాడ్ మీద పడతాండారు. దాన్ని అల్లరి అనుకుంటే అల్లరే.

వేపచెట్టు కింద సంఘం

పిల్లోళ్ళ ఆటలు మనకు తెలుసు. గుజ్జనగూళ్ళు, తొక్కుడుబిళ్ళ, అచ్చనగాయలు. ఇప్పుడు మన ఊళ్ళల్లో ఇంకో ఆట వచ్చింది, సంఘం ఆట. ఒక వీధిలో ఐదుగురు అమ్మిలు వేపచెట్టు కింద ఆడతాంటే అరుగు మీద కూర్చున్న ఒకామె చెప్పింది. చెనక్కాయ పొట్టే రూపాయలు. తువ్వాలు పైట మాదిరి వేసుకున్న పిల్ల లీడరు. ఆలస్యంగా వచ్చిన పిల్లకు రెండు పొట్ల ఫైను.

‘ఈ నెల వాయిదా ఏది?’

‘మా ఎనుము ఇంకా ఈనలేదక్కా.’

‘పోయిన నెలా ఎనుమే చెప్తివి. ఎన్ని నెలలు మోస్తాది నీ ఎనుము?’

ఇది మన లీడర్లలో ఎవరి మాటో మీకు తెలిసిపోయి ఉంటుంది. చూడండి, ఎట్ల నవ్వుతాండారో!

మనకు పంచసూత్రాలు నేర్పడానికి ఎన్ని ట్రైనింగులు పెట్టినారు! క్రమంగా సమావేశం, క్రమంగా పొదుపు, సంఘంలో అప్పులు ఇచ్చుకోవడం, తిరిగి కట్టడం, పుస్తకాలు రాసుకోవడం. ఈ ఐదూ ఆ చెట్టు కింద పిల్లలు పొల్లుపోకుండా చేస్తాండారు. వాళ్ళకు టీఏ డీఏ కూడా ఇయ్యలేదు.

అంతవరకు నవ్వే. తర్వాత ఒక పిల్ల అప్పు అడిగింది. అప్పుడు లీడరు పిల్ల పక్క పిల్ల చెవిలో చెప్పినట్టు, అందరికీ వినపడేటట్టు, ‘దానికి ఇయ్యొద్దు, దాని మొగుడు తాగుతాడు’ అనింది. అరుగు మీద పెద్దోళ్ళు నవ్వబోయి ఆగిపోయినారు. ఆ మాట ఏ ఇంట్లో నుంచి వచ్చిందో వాళ్ళకు తెలుసు. అప్పు అడిగిన పిల్ల మాత్రం తగ్గలేదు. ‘అప్పు నాకు ఇయ్యి. వానికి చెప్పొద్దు. పుస్తకంలో నా పేరు రాయి’ అనింది.

ఆరేళ్ళ పిల్ల అది. మనం ఇంట్లో గుసగుసగా మాట్లాడుకునేదంతా పిల్లలు వింటాండారు. మొగుడు తాగి వచ్చింది వింటారు, మనం దుడ్లు బియ్యం డబ్బాలో దాచింది చూస్తారు. దాంతో పాటు పుస్తకంలో తన పేరు ఉంటే ఆ లెక్క తనదే అని కూడా మన దగ్గరే నేర్చుకున్నారు. ఇంతమంది అధికారులు ఉన్న సభలో చెప్తాండా, సంఘాలు ఏం సాధించినాయని ఎవరన్నా అడిగితే ఆ పిల్ల మాట చెప్పండి.

గుడ్డు పెట్టింది ఎవరు?

ఇంకో ఇల్లు. జేజి, మనవడు, మనవరాలు. కోడి పెట్టిన గుడ్డు ఒక్కటే. జేజి ఉడకేసి మనవడి గిన్నెలో పెట్టింది. మనవరాలు చూసింది. ఏడవలేదు, గలాటా చెయ్యలేదు.

‘జేజీ, గుడ్డు పెట్టింది పుంజా, పెట్టా?’

‘పెట్టనే. పుంజు యాడన్నా గుడ్డు పెడ్తాదా?’

‘మరి ఆడకోడి పెట్టిన గుడ్డు మొగోనికి ఎందుకు పెడ్తావు?’

జేజికి మాట రాలేదంట. ‘వాడు మగపిల్లోడు, వానికి బలం కావాల’ అనింది. పిల్ల మళ్ళా అడిగింది: ‘ఇల్లు ఊడ్చేదానికి బలం వద్దా?’ కసువు ఊడ్చేది, కడవతో నీళ్ళు తెచ్చేది ఆ పిల్లే మరి. ఆ పూట గుడ్డు రెండు ముక్కలయింది. జేజి కోడల్ని పిలిచి ‘నీ బిడ్డ వకీలు అవుతాది, ఇప్పుడే నన్ను బోనెక్కించింది’ అనిందంట.

ఆ జేజికి నేను చెయ్యెత్తి దండం పెడతా. ఎందుకంటే చానామంది ఆ పిల్ల నెత్తిన ఒక మొట్టికాయ వేసి పంపిస్తారు. ‘ఆడపిల్లకు అంత నోరేంది?’ అంటారు.

ఇప్పుడు నవ్వు పక్కన పెట్టి ఒక్క అంకె వినండి. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడోళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. ఈ సభలో వంద మంది ఆడోళ్ళం ఉంటే సగం కంటే ఎక్కువమందిమి. ఇది పెద్దయినాక ఒక్క రోజులో వచ్చేది కాదు. గిన్నెలో గుడ్డు లేని చిన్నతనం కాడ మొదలవుతాది. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు ఆడపిల్లకూ మగపిల్లోనికీ ఒకటే. ఇంటికొచ్చినాక ఎవరి గిన్నెలోకి ఏం పోతాదో చూసుకోవలసింది మనమే. ఆకుకూర, చెనక్కాయ, బెల్లం, రాగి సంగటి మన ఇండ్లల్లో ఉండేవే. పంచేటప్పుడే తేడా వస్తాది.

అమ్మ తప్పిపోయింది

ఇంకొన్ని చిన్నవి చెప్తా.

మన కమలాపురం దర్గా ఉరుసులో జనం ఎట్లుంటారో మీకు తెలుసు. ఆ జనంలో ఒక నాలుగేళ్ళ పిల్ల తల్లి చెయ్యి వదిలేసింది. ఎవరో ఎత్తుకొని పోయి మైకు కాడ నిలబెట్టినారు. పేరు చెప్పమ్మా అంటే మైకు తీసుకొని ‘మాయమ్మ తప్పిపోయింది. ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఏడుస్తా ఉంటాది. ఎవరికన్నా కనపడితే నా దగ్గరికి తోలుకొని రాండి’ అనింది. ఆ పిల్ల లెక్కలో తను యాడికీ పోలేదు. తను ఉన్న చోటే ఉంది. తప్పిపోయింది అమ్మే.

2021 నవంబర్‌లో పాపాఘ్నికి నీళ్ళొచ్చి మన వంతెన కూలిపోయింది కదా. అవతల పక్కకు పోవలసినోళ్ళమంతా ఎంత అగచాట్లు పడినామో చెప్పనక్కర్లేదు. అంత దిగులులో ఒక ఇంట్లో ఐదేళ్ళ పిల్ల రాత్రి పడుకోబోయే ముందు దేవుడి పటం కాడికి పోయి ‘సామీ, వంతెన మెల్లగా కట్టు. తొందరేం లేదు’ అని మొక్కుకుందంట. ఎందుకంటే వాళ్ళ లెక్కల టీచరు అవతల నుంచి రావాల.

ఇంకో తల్లి చెప్పింది. పేన్లు చూస్తా పిల్ల తలలో ఈర్పెన పెట్టింది. పిల్ల ఏడుస్తాంది. ‘గమ్మునుండే, పేన్లు ఉంటే నీ రక్తం తాగుతాయి’ అనింది తల్లి. ‘తాగనీలేమ్మా, వాటికీ పిల్లలు ఉంటాయి కదా’ అనింది పిల్ల. ఇంత జాలి మన అప్పులోళ్ళకు ఉంటే ఎంత బాగుండు!

లైన్‌అమ్మి

ఒక బళ్ళో టీచరమ్మ అందరినీ పెద్దయితే ఏమవుతారని అడిగింది. డాక్టరు, కలెక్టరు, పోలీసు అని అందరూ చెప్పినారు. రెండో తరగతి పిల్ల ఒకటి ‘నేను లైన్‌మ్యాన్ అవుతా’ అనింది. వాళ్ళ వీధిలో కరెంటు పోతే వచ్చి స్తంభం ఎక్కి బాగుచేసే మనిషి ఆ పిల్లకు దేవుని మాదిరి. వెనకాల పిలగాళ్ళు నవ్వినారు. ‘నువ్వు ఆడపిల్లవి, మ్యాన్ ఎట్ల అవుతావే?’ అన్నారు. ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించి, ‘అయితే లైన్‌అమ్మి అవుతా’ అనింది.

నవ్వండి, నవ్వే మాటే. కానీ ఇది జరగని పని కాదు. పక్కన తెలంగాణలో లైన్‌మెన్ ఉద్యోగాలకు ఆడోళ్ళు దరఖాస్తు పెడితే ముందు వద్దన్నారు. వాళ్ళు హైకోర్టుకు పోయినారు. 2020 డిసెంబర్‌లో కోర్టు ఉత్తర్వుతో స్తంభం ఎక్కే పరీక్ష పెట్టించుకొని, అందరూ చూస్తుండగా ఎక్కి చూపించినారు. ఆ ఆడబిడ్డల ఇండ్లల్లో చిన్నప్పుడు చెట్టెక్కితే కాళ్ళు విరగ్గొడతామని అన్నారో లేదో నాకు తెలీదు. మన ఇండ్లల్లో మాత్రం అంటాం. మగపిల్లోడు చెట్టెక్కితే హుషారు, ఆడపిల్ల ఎక్కితే రాక్షసి.

నీ మొగుడొచ్చినాడే

ఇప్పుడు చెప్పబోయేది అందరి ఇండ్లల్లో జరిగేది. చిన్న పిల్ల ఆడుకుంటా ఉంటాది. మేనమామ వస్తాడు, లేదంటే మేనత్త కొడుకు వస్తాడు. మనం వెంటనే ‘ఏమ్మే, నీ మొగుడొచ్చినాడు, నీళ్ళియ్యి’ అంటాం. పిల్ల సిగ్గుపడితే మనకు సంబరం. సిగ్గుపడని పిల్లలు చెప్పిన జవాబులే నా పుస్తకంలో ఎక్కువ ఉండాయి.

ఒక పిల్ల: ‘ముందు వాణ్ణి ముక్కు తుడుచుకోమను.’

ఇంకో పిల్ల: ‘నీళ్ళు బిందెలో ఉండాయి. వానికి చేతులు లేవా?’

నాలుగేళ్ళ పిల్లను ‘మామను చేసుకుంటావా?’ అని అడిగితే, ఆ పిల్ల మామను కిందికీ మీదికీ చూసి, ‘చేసుకుంటా గానీ వాళ్ళింటికి పోను. ఆడ టీవీ లేదు’ అనింది. మామ మరుసటి నెలలోనే టీవీ కొన్నాడని వాళ్ళమ్మ చెప్పి నవ్వింది.

ఈ సరసం మన పెద్దోళ్ళ కాలం నుంచి వస్తాంది. చెడు మనసుతో ఎవరూ అనరు. కానీ ఒక మాట ఆలోచించండి. మూడేళ్ళప్పుడు సరసంగా అన్న మాట పదేళ్ళు రోజూ వింటే ఏమవుతాది? పిల్లకు పదమూడు వస్తాది. పెద్దమనిషి అవుతాది. అప్పుడు ఆ సరసం సరసంగా ఉండదు. ‘ఎట్లాగూ అనుకున్నదే కదా, ఎండలు తగ్గినాక ముహూర్తం పెట్టుకుందాం’ అంటారు. ముక్కు తుడుచుకోమని చెప్పిన పిల్లకు అప్పుడు నోరు ఉండదు. ఆ నోరు యాడికి పోయింది? మనమే మూయించినాం. పదేళ్ళ పాటు రోజుకొక ‘గమ్మునుండు’ చొప్పున.

అదే సర్వే లెక్క మళ్ళా చెప్తా. మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ ఆడోళ్ళలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెండ్లయిపోయింది. 2006లో చేసిన చట్టం ప్రకారం ఆడపిల్లకు 18, మగపిల్లోనికి 21 నిండాల. చిన్నపిల్ల పెండ్లి జరిపించినోళ్ళకు రెండేండ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. 1098కి ఫోన్ చేస్తే పిల్లల హెల్ప్‌లైన్ వాళ్ళు పలుకుతారు, చేసినోళ్ళ పేరు బయటపెట్టరు. చుట్టాలింటి పెండ్లి, మనకెందుకులే అని మనం భోజనానికి పోతాం. ఆ పిల్ల ఏడో తరగతిలో బాగా నవ్వించేదని తర్వాత చెప్పుకుంటాం.

కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు 2004 నుంచి ఇందుకే నడుస్తాండాయి. ఆరో తరగతి నుంచి ఆడపిల్లలు ఆడనే ఉండి చదువుకోవచ్చు, తిండీ వసతీ ఉచితం. బడి మానేసిన అమ్మి మీ వీధిలో ఉంటే, ముహూర్తం మాట రాకముందే ఆ బడి మాట మీరు ఎత్తండి.

పన్ను బ్యాంకులో వెయ్యి

మళ్ళా నవ్వుల్లోకి వద్దాం. ఒక పిల్లకు పాలపన్ను ఊడింది. వాళ్ళ జేజి పన్నును పేడలో పెట్టి ‘మిద్దె మీదికి ఇసిరెయ్యి, మంచి పన్ను వస్తాది’ అనింది. పిల్ల ఇయ్యలేదు. పిడికిట్లో గట్టిగా పట్టుకుంది.

‘మిద్దె మీద వద్దు. బ్యాంకులో వేద్దాం.’

‘పన్ను బ్యాంకులో వేస్తారంటే పిచ్చిదానా?’

‘మాయమ్మ వేసింది పెరిగి వస్తాది కదా! ఒక పన్ను వేస్తే రెండొస్తాయి.’

ఆ తల్లి సంఘంలో పొదుపు చేస్తాది. వడ్డీ అంటే ఏందో ఆ పిల్లకు అట్ల తెలిసింది. ఈ మాట విన్నాక నాకు నవ్వూ వచ్చింది, ఆలోచనా వచ్చింది. మన పిల్ల పేరుతో మనం ఏం వేసినాం?

చానామందికి తెలుసు, తెలియనోళ్ళ కోసం మళ్ళా చెప్తా. సుకన్య సమృద్ధి ఖాతా 2015 జనవరి నుంచి ఉంది. పదేండ్లు నిండని ఆడపిల్ల పేరుతో పోస్టాఫీసులో గానీ బ్యాంకులో గానీ తెరవచ్చు. ఒక ఇంటికి ఇద్దరు ఆడపిల్లల దాకా. ఏడాదికి కనీసం 250 రూపాయలు కట్టాల, ఎక్కువంటే లక్షన్నర. పదహైదేండ్లు కడితే చాలు, ఖాతా తెరిచిన 21 ఏండ్లకు పూర్తిగా చేతికి వస్తాది. పిల్లకు 18 నిండినాక గానీ, పదో తరగతి పాసయినాక గానీ, పైచదువుకు సగం దాకా తీసుకోవచ్చు. నెలకు ఐదు వందలు కట్టగలిగితే పదహైదేండ్లలో మీరు కట్టేది 90 వేలు. వడ్డీ దాని మీద వేరే. మధ్యలో మొగుడు అడిగినా, మరిది అడిగినా తీసే వీలు ఉండదు. అదే దాంట్లో గొప్ప.

ఇంకొకటి. ఆడపిల్లకు ఆస్తి ఏందని అనేవాళ్ళు ఇంకా ఉండారు. ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1986లో మన రాష్ట్రం చట్టం చేసింది. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికి హక్కు ఇచ్చింది. దేశమంతటికీ ఆ చట్టం 2005లో వచ్చింది. మనం దాదాపు ఇరవై ఏండ్లు ముందున్నాం, చట్టంలో. ఇండ్లల్లో ఎంత ముందున్నామో ఎవరి ఇంట్లో వాళ్ళు చూసుకోవాల.

మూడు మాటలు

అధ్యక్షురాలు అక్క గడియారం చూపిస్తాంది. మూడు మాటలు చెప్పి కూర్చుంటా.

ఒకటి. ప్రతి సంఘం మీటింగులో ఎజెండా అయిపోయినాక ఐదు నిమిషాలు పిల్లల మాటలకు పెట్టండి. ఈ వారం మీ పిల్ల ఏం అడిగింది, మీరేం చెప్పినారు. నవ్వుకోండి. ఆ నవ్వుల్లో ఒక్కోసారి తాగుడు బయటపడతాది, ఒక్కోసారి దెబ్బలు బయటపడతాయి, ఒక్కోసారి బడి మానిపించే ఆలోచన బయటపడతాది. అక్కా, మా ఇంట్లో ఇట్లుందని చెప్పడానికి సిగ్గుపడే ఆడమనిషి కూడా, మా పిల్ల ఇట్లా అనిందని మాత్రం చెప్తాది. అది వినే చెవి సంఘంలో ఉండాల.

రెండు. పదేండ్ల లోపు ఆడపిల్ల ఉన్న ప్రతి సభ్యురాలి ఇంట్లో పిల్ల పేరుతో ఖాతా ఉందా లేదా అని గ్రామ సంఘం లీడర్లు పుస్తకంలో ఒక గడి పెట్టుకొని రాయండి. లేనోళ్ళకు తిట్లు వద్దు. ఒక రోజు అందరం కలిసి పోస్టాఫీసుకు పోదాం. పిల్లల్ని కూడా తోలుకొని పోదాం. స్టాంపు ప్యాడ్ మాత్రం దూరంగా పెట్టమని పోస్టుమాస్టరుకు ముందే చెప్పాల.

మూడు. ‘నీ మొగుడొచ్చినాడే’ అనే సరసం మన ఇండ్లల్లో ఆపేద్దాం. సరసం లేకుండా మనం ఉండలేం, రాయలసీమోళ్ళం కదా. కావలసినన్ని వేరే సరసాలు ఉండాయి. ‘ఏమ్మే, నీ ఆఫీసు జీపొచ్చింది, ఎక్కు’ అందాం. ‘లైన్‌అమ్మి గారూ, మా ఇంట్లో కరెంటు పోయింది, ఒకసారి రాండి’ అందాం. ఆ పిల్ల ఏం జవాబు చెప్తాదో విని వచ్చే సభలో మనం నవ్వుకుందాం.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద ఆరేండ్ల లోపు మగపిల్లలు వెయ్యి మంది ఉంటే ఆడపిల్లలు 920 మంది కూడా లేరు. పుట్టకముందే పోయినోళ్ళు, పుట్టినాక సాకలేక పోగొట్టుకున్నోళ్ళు ఆ తక్కువలో ఉండారు. ఉన్న పిల్లలు మన ముందర ఆడుకుంటా, అడుగుతా, అంటా ఉండారు. వాళ్ళడిగేదానికి మన దగ్గర జవాబు లేకపోతే తెలీదని చెప్పండి, రేపు కనుక్కొని చెప్తామనండి. నోరు మాత్రం మూయించొద్దండి.

ఎనకాల ఏడుస్తాండే పాపకు ఎవరన్నా కాసిని నీళ్ళియ్యండి.